బలం బిళ్ల కొనే ముందు పరిశోధన ఏం చెప్పిందో చూసుకోవడం ఎలా?

విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ చుట్టుపక్కల ఏ మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది: "బాబూ, మనిషి బాగా నీరసించిపోయాడు, బలానికి ఏదైనా ఇయ్యి." పదకొండేళ్లు ఆ కౌంటరు లోపలి వైపు నిలబడ్డాను. అంతకుముందు మూడేళ్లు మందుల పరిశోధనల్లో కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పేషెంట్లకు ఫోన్లు చేసి, వచ్చినవాళ్ల బరువు, బీపీ రాసి, మిగిలిన బిళ్లలు లెక్కపెట్టడం నా పని. ఒకచోట లెక్క తప్పితే డాక్టర్లు ఎంత కంగారు పడేవారో చూశాను. ఇంకోచోట లెక్కే లేకుండా డబ్బాలు చేతులు మారడం చూశాను. ఈ రెండూ చూసినవాడిగా, ఇంట్లో రోగిని చూసుకుంటున్న మీకోసం ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో జరిగిందే ముందు చెబుతాను. గాజువాకలో ఉండే మా మేనత్తకు మోకాళ్ల నొప్పులు. పరీక్ష చేయిస్తే విటమిన్ డి బాగా తక్కువగా వచ్చింది. డాక్టరు గారు 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాశారు. మందులు కొన్నచోట కవరు మీద 'రోజుకు 1' అని రాసి ఇచ్చారు. అయిపోయినప్పుడల్లా అదే కవరు చూపించి మళ్లీ కొన్నారు. దాంతోపాటు కాల్షియం బిళ్లలు కూడా వేసుకున్నారు. నలభై రోజులు దాటేసరికి వాంతులు, మలబద్ధకం, తీరని దాహం మొదలయ్యాయి. చివరికి మాట తడబడింది. రక్తంలో కాల్షియం పెరిగిపోయి కిడ్నీల మీద భారం పడిందని ఆసుపత్రిలో చెప్పారు. దేవుడి దయవల్ల కోలుకున్నారు. ఆమెకు లోటు ఉన్నమాట నిజమే, మందు కూడా సరైనదే. ఎంత, ఎన్నాళ్లు అన్న ఒక్క విషయం తప్పింది. పరిశోధన మనకు చెప్పేది ముఖ్యంగా ఆ రెండే: ఎవరికి, ఎంత.

మొదట సంచి మొత్తం మంచం మీద కుమ్మరించండి

డాక్టరు రాసినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చినవి, అమెరికా నుంచి అబ్బాయి పంపిన డబ్బాలు, పక్కింటివాళ్లు ఇచ్చిన పొడి, ఆయుర్వేదం బిళ్లలు, అన్నీ బయటికి తీయండి. ఒక తెల్లకాగితం మీద ఒక్కోదాని పేరు, అందులో ఏముంది, ఎంత మోతాదు, ఎవరు చెప్పారు, ఎప్పటి నుంచి, దేనికోసం అని రాయండి. 'దేనికోసం' అన్నచోట ఏమీ రాయలేకపోతే దాని పక్కన ఒక గుండ్రం చుట్టి పెట్టండి. తర్వాత పని అంతా ఆ గుండ్రాలతోనే.

లేబుల్ తిప్పి చదవండి. మన దేశంలో చాలా సప్లిమెంట్లు చట్టం దృష్టిలో ఆహారం కిందికి వస్తాయి, వాటిని ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ చూస్తుంది. 14 అంకెల లైసెన్స్ నంబరు, 'హెల్త్ సప్లిమెంట్' అన్న మాట, 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అన్న హెచ్చరిక దాని మీద ఉంటాయి. జబ్బు నయం చేస్తుందని దాని మీద రాయకూడదు. ఆ లైసెన్స్ ఉందంటే తయారుచేసేవారికి అనుమతి ఉందని మాత్రమే అర్థం. ఆ డబ్బా మీ నాన్నగారి నీరసం తగ్గిస్తుందని ఎవరో పరీక్షించి చూశారని కాదు. మందుగా అమ్మే విటమిన్లు వేరే ఉంటాయి, వాటికి డ్రగ్ లైసెన్స్ ఉంటుంది. డి విటమిన్ 60,000 ఆ కోవలోదే. రెండూ ఒకే అరలో, ఒకే రంగు డబ్బాల్లో ఉండటం వల్ల తేడా కనిపించదు.

ఇంకో సంగతి చూడండి. ఒకే పదార్థం మూడు డబ్బాల్లో ఉంటుంది. మల్టీవిటమిన్‌లో డి, కాల్షియం బిళ్లలో డి, విడిగా మళ్లీ డి. మూడూ కూడి ఎంతయిందో కాగితం చివర రాయండి.

అడగాల్సిన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

'ఒమేగా త్రీ మంచిదేనా?' అని వెతికితే ఎవరికి కావాల్సిన జవాబు వాళ్లకు దొరుకుతుంది. దాన్ని ఇలా మార్చండి: '68 ఏళ్ల మా అమ్మకు షుగర్ ఉంది, గుండెపోటు ఎప్పుడూ రాలేదు. రోజూ ఒక గ్రాము ఒమేగా త్రీ ఉన్న చేపనూనె వేసుకుంటే గుండెపోటు వచ్చే అవకాశం తగ్గుతుందా?' ఇందులో మనిషి ఉంది, మోతాదు ఉంది, మనం కోరుకునే ఫలితం ఉంది. కాగితం మీద గుండ్రం చుట్టిన ప్రతిదానికీ ఇలా ఒక వాక్యం రాయండి. నా అనుభవంలో సగం డబ్బాలు ఇక్కడే పక్కకు వెళ్లిపోతాయి, ఎందుకంటే వాక్యం పూర్తి చేయడానికి ఫలితం ఏమిటో ఎవరికీ తెలియదు.

లోటు ఉందో లేదో తేల్చుకోండి

సప్లిమెంట్ల మీద జరిగిన పరిశోధనల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించిన విషయం ఒకటుంది. లోటు ఉన్నవారికి ఇస్తే ఫలితం కనిపిస్తుంది. లోటు లేనివారికి ఇస్తే చాలాసార్లు ఏమీ జరగదు, కొన్నిసార్లు చెడు జరుగుతుంది.

ఇది కొత్త విషయమేమీ కాదు. మనది నేవీ ఊరు కాబట్టి నావికుల కథే చెబుతాను. 1747లో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ నౌక మీద జేమ్స్ లిండ్ అనే వైద్యుడు స్కర్వీతో చిగుళ్లు వాచిపోయిన 12 మంది నావికులను ఇద్దరేసి చొప్పున ఆరు జట్లు చేశాడు. ఒక్కో జట్టుకు ఒక్కో వైద్యం ఇచ్చాడు. నారింజలు, నిమ్మపళ్లు తిన్న ఇద్దరూ తొందరగా లేచి తిరిగారు. విటమిన్ సి అనే పేరు పుట్టడానికి చాలా ముందే, పక్కపక్కన పోల్చి చూడటం వల్ల ఆ సంగతి తెలిసింది. ఆ నావికుల్లో లోటు ఉంది కాబట్టి అంత తేడా కనిపించింది. రోజూ పప్పులో నిమ్మకాయ పిండుకునే మనిషికి అదే సి బిళ్ల ఇస్తే అంత మార్పు రాదు.

అందుకని నీరసం అనగానే బిళ్లకు వెళ్లకుండా డాక్టరు గారిని అడిగి అవసరమైన పరీక్ష చేయించండి. రక్తం తక్కువైతే హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూడాల్సి రావచ్చు. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికి, గ్యాస్ బిళ్ల రోజూ పరగడుపున వేసుకునే అలవాటు ఉన్నవారికి బి12 తగ్గే అవకాశం ఉంది. అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్ల వచ్చాయా, బి12 లోటు వల్ల వచ్చాయా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం. మాంసం, చేపలు, పాలు అసలు ముట్టనివారికి ఈ అనుమానం ఇంకా ఎక్కువ.

పరీక్షకు వెళ్లే ముందు ఒక జాగ్రత్త. జుట్టు రాలకుండా వాడే బిళ్లల్లో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది. అది రక్తపరీక్షల యంత్రాలనే తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. గుండెపోటు వచ్చిందో లేదో చెప్పే ట్రోపోనిన్ అసలు కంటే తక్కువగా కనిపించవచ్చు. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీనిమీద హెచ్చరిక జారీ చేసింది. థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని నిపుణులు చెబుతారు. మోతాదు పెద్దదైతే ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు. ల్యాబ్‌లో రక్తం ఇచ్చేటప్పుడు, ఎమర్జెన్సీలో ఛాతీనొప్పితో చేరినప్పుడు 'జుట్టు బిళ్ల వాడుతున్నాను' అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాట చాలా పెద్ద సాయం.

పరిశోధన కాగితాన్ని వెతికి, నాలుగు చోట్ల చూడండి

వెతకడానికి డబ్బు ఖర్చు లేదు. పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో పరిశోధనల సారాంశాలు ఉచితంగా చదవచ్చు. ఒకే విషయం మీద జరిగిన చాలా పరిశోధనలను కలిపి తూకం వేసే సమీక్షలు కోక్రేన్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. మన దేశంలో మనుషుల మీద జరుగుతున్న పరీక్షల (ట్రయల్స్) వివరాలు సీటీఆర్ఐ రిజిస్ట్రీలో ఉంటాయి. దాన్ని 2007లో మొదలుపెట్టారు, 2009 నుంచి ట్రయల్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి అయింది. ఇంగ్లీషు కష్టమనిపిస్తే ఇంటర్ చదివే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకోండి. పదార్థం పేరు, జబ్బు పేరు, 'రాండమైజ్డ్ ట్రయల్' అన్న మాట, ఈ మూడూ ఇంగ్లీషులో కలిపి కొడితే చాలు.

సారాంశం తెరవగానే మొదట మనుషుల మీద చేశారా, ఎలుకల మీద చేశారా చూడండి. వాట్సాప్‌లో తిరిగే 'పరిశోధనలో తేలింది' మెసేజ్‌ల్లో చాలావాటికి మూలం గాజుసీసాలో పెంచిన కణాలో, ఎలుకలో. తర్వాత పోల్చడానికి ఇంకో గుంపు ఉందా చూడండి. అందరికీ ఇచ్చి, నెల తర్వాత 'బాగుందా?' అని అడిగితే సగం మంది బాగుందనే అంటారు. జ్వరం వచ్చిన వారానికి ఏ బిళ్లా లేకపోయినా చాలామందికి ఓపిక వస్తుంది. చీటీ వేసినట్టు ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో నిర్ణయించి (రాండమైజ్డ్ అంటే ఇదే), ఒక గుంపుకు అసలుది, ఇంకో గుంపుకు అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి, ఎవరిది ఏదో డాక్టరుకూ రోగికీ తెలియకుండా నడిపితేనే ఆ తేడా బిళ్లది అని నమ్మగలం. ఇంకా ఎంతమంది మీద, ఎన్నాళ్లు చేశారు, డబ్బు ఎవరు పెట్టారు అన్నవి చూడాలి. తయారీ కంపెనీ డబ్బు పెడితే అది అబద్ధమని కాదు, ఇంకొకరు కూడా అదే ఫలితం చూపించారా అని వెతకాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి దాన్ని విడిగా రాస్తున్నాను.

రిపోర్టులో అంకె బాగుపడిందా, మనిషి బాగుపడ్డాడా?

వైజాగ్‌లో హెల్త్ ప్యాకేజీ పరీక్షలు చేయించుకున్నవాళ్లు నా దగ్గరకు రిపోర్టు తెచ్చి 'హోమోసిస్టీన్ ఎక్కువుంది, గుండెకు ప్రమాదమట, విటమిన్ ఇవ్వండి' అనేవారు. హోమోసిస్టీన్ రక్తంలో ఉండే ఒక పదార్థం. బి విటమిన్లు వేస్తే అది తగ్గుతుంది, ఇది నిజం. మరి గుండె సంగతి? 2006లో వెలువడిన హోప్-2 అనే పరిశోధనలో గుండె, రక్తనాళాల జబ్బు లేదా షుగర్ ఉన్న 5,522 మందికి సగటున ఐదేళ్లు ఫోలిక్ యాసిడ్, బి6, బి12 గానీ ఉత్తుత్తి బిళ్ల గానీ ఇచ్చారు. అంకె చక్కగా దిగింది. గుండెజబ్బు మరణాలు, గుండెపోట్లు, పక్షవాతం అన్నీ కలిపి చూస్తే విటమిన్ గుంపులో 18.8 శాతం, ఇంకో గుంపులో 19.8 శాతం. లెక్కల ప్రకారం అది తేడా కిందకు రాదు. పక్షవాతం ఒక్కటే విడిగా చూస్తే కొంత తగ్గింది గానీ, పరిశోధన మొదట అడిగిన ప్రశ్నకు జవాబు మారలేదు.

అందుకే కాగితంలో ఏం కొలిచారో వెతకండి. రక్తంలో స్థాయి, ఎముక సాంద్రత, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షల అంకెలు ఇవన్నీ దారిలో కనిపించే గుర్తులు. రోగికి కావాల్సినవి వేరు: ఎముక విరగకపోవడం, మళ్లీ ఆసుపత్రిలో చేరకపోవడం, మెట్లు ఎక్కగలగడం, బతికి ఉండటం. ఈ రెండో రకం ఫలితాన్ని కొలిచిన పరిశోధననే నమ్మండి.

డి విటమిన్ మీద అలాంటి పెద్ద పరిశోధన వైటల్. అమెరికాలో 25,871 మంది నడివయసు, పెద్దవయసువారికి రోజుకు 2,000 యూనిట్లు సుమారు ఐదేళ్లు ఇచ్చి చూశారు. క్యాన్సర్లు, గుండెపోట్లు తగ్గలేదని 2018లో ప్రకటించారు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో తేలింది. ఇది చదివి మీ అమ్మగారి డి విటమిన్ ఆపేయకండి. వైటల్‌లో చేరినవారిలో ఎక్కువమందికి అసలు లోటే లేదు. మా మేనత్తలా నిజంగా లోటు ఉన్నవారి గురించి ఆ పరిశోధన తీర్పు చెప్పలేదు. కాగితం చదివేటప్పుడు ఫలితం ఎంత ముఖ్యమో, 'ఎవరి మీద' అన్నది అంతే ముఖ్యం.

చెడు జరిగిన కథ కూడా తెలియాలి. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ రాకుండా ఆపుతుందని ఒకప్పుడు చాలామంది నమ్మారు. ఫిన్‌లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారి మీద పరీక్షించారు. రోజుకు 20 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో బయటపడింది. అమెరికాలో పొగతాగేవారు, ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవారు 18,314 మంది చేరిన కేరెట్ అనే పరిశోధనలో బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి తీసుకున్న గుంపులో 28 శాతం ఎక్కువ కనిపించింది. ఆ బిళ్లలను 1996 జనవరిలో, అనుకున్నదానికి 21 నెలల ముందే ఆపేశారు. మన వైపు బీడీ, చుట్ట కాల్చే పెద్దలు, అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు 'యాంటీ ఆక్సిడెంట్ మంచిది' అని డబ్బా కొనిపెట్టేముందు ఈ రెండు పరిశోధనలు గుర్తుచేసుకోండి. కూరలో క్యారెట్ తింటే భయం లేదు. ప్రమాదం వచ్చింది పెద్ద మోతాదు బిళ్లతో.

మన తెలుగువాడి కథ ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఫోలిక్ యాసిడ్ కోవకు చెందిన పదార్థాలను సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా వేగంగా ముదిరినట్టు కనిపించింది. అప్పుడు ఆలోచన తిరగబడింది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి బృందం తయారుచేసి ఇచ్చింది. దానితో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. అదే ఫోలిక్ యాసిడ్ ఇంకోచోట ప్రాణదాత. వెన్నుపూస సరిగా మూసుకోని బిడ్డ పుట్టిన తల్లులకు, మళ్లీ గర్భం దాల్చే ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో ఏడు దేశాల పరిశోధన చూపించింది. పదార్థం ఒక్కటే. రోగి మారితే ఫలితం తలకిందులైంది. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి మనిషిని తీసుకెళ్తున్నవాళ్లు ఏ విటమిన్ అయినా అక్కడి డాక్టరుకు చెప్పకుండా ఎందుకు ఇవ్వకూడదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

శాతాలను తలలుగా మార్చి చూడండి

'50 శాతం తగ్గింది' అని ప్రకటనలో ఉంటే, ఎంతలో నుంచి ఎంతకు అని అడగండి. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి వచ్చినా 50 శాతమే, వెయ్యిలో నాలుగొందల మందికి వచ్చేది రెండొందలకు దిగినా 50 శాతమే.

నిజమైన లెక్క ఒకటి చూడండి. స్విట్జర్లాండ్‌లో ఆసుపత్రుల్లో చేరిన, పోషణ సరిగా లేని 2,088 మంది మీద ఎఫర్ట్ అనే పరిశోధన చేశారు. ఒక గుంపుకు మామూలు ఆసుపత్రి భోజనం. ఇంకో గుంపుకు డైటీషియన్ ఒక్కొక్కరికీ ఎన్ని కేలరీలు, ఎంత ప్రోటీన్ కావాలో లెక్కవేసి అవి కడుపులోకి వెళ్లేలా చూశారు. 30 రోజుల్లో మరణాలు వందలో 10 నుంచి 7కు దిగాయి. వందమందిని అలా చూసుకుంటే ముగ్గురు మిగిలారన్నమాట. 2019లో వచ్చిన ఈ ఫలితం నన్ను కదిలించింది, ఎందుకంటే అక్కడ పనిచేసింది ముఖ్యంగా శ్రద్ధగా పెట్టిన తిండి.

మన దేశంలోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగుల ఇళ్లలో రేషన్స్ అనే పరిశోధన జరిగింది. రోగితో పాటు ఇంట్లోవాళ్లకు కూడా నెలనెలా బియ్యం, పప్పులు, విటమిన్లు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రచురించారు. రోగుల్లో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణాలు చాలా తక్కువగా కనిపించాయి. విశాఖ ఛాతీ ఆసుపత్రికి వెళ్లే కుటుంబాలకు నేను ఇదే చెబుతాను: ఖరీదైన ప్రోటీన్ డబ్బా కోసం అప్పు చేయకండి. టీబీ రోగుల తిండి కోసం ఉన్న నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద చికిత్స ఉన్నన్నాళ్లూ నెలకు 1,000 రూపాయలు వస్తాయి, అవి రోగి ఖాతాలో పడుతున్నాయో లేదో అడగండి. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పల్లీలు, నెత్తళ్లు కొనండి. బరువు ప్రతి రెండు వారాలకు రాసి పెట్టండి.

మీ రోగి ఆ పరిశోధనలో ఉన్నవాళ్లలాంటి వాడేనా?

ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో విశాఖ వచ్చే కుటుంబాలను చూసినప్పుడల్లా ఈ ప్రశ్న గుర్తొస్తుంది. సప్లిమెంట్ల పరిశోధనల్లో చాలావాటిలో కిడ్నీ జబ్బు ఉన్నవారిని అసలు చేర్చుకోరు. కాబట్టి ఆ ఫలితం వాళ్లకు వర్తిస్తుందని అనుకోకూడదు. పైగా ఈ జబ్బులోనే రెండు దశలకు రెండు రకాల సలహా ఉంది. డయాలసిస్ మొదలుకాని రోగికి ప్రోటీన్ అదుపులో ఉంచమంటారు, కిలో బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాములు. డయాలసిస్ మీద ఉన్నవారికి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. ఒకే ఊరి నుంచి ఒకే బస్సులో వచ్చిన ఇద్దరిలో ఒకరికి మంచి చేసిన ప్రోటీన్ పొడి ఇంకొకరికి భారం కావచ్చు. విటమిన్ ఎ, మెగ్నీషియం, పొటాషియం, పెద్ద మోతాదు విటమిన్ సి కూడా కిడ్నీ రోగికి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

ఉన్న మందులతో గొడవ పడుతుందేమో చూడండి

థైరాయిడ్ బిళ్ల పరగడుపున వేసుకుంటారు కదా, దానికీ కాల్షియం, ఐరన్ బిళ్లలకూ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. ఐరన్‌నూ కాల్షియంనూ కలిపి వేయకండి, ఐరన్ వేసిన వెంటనే టీ తాగకండి. నిమ్మరసంతో వేస్తే ఒంటికి బాగా పడుతుంది. రక్తం పలచబడే ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారు విటమిన్ కె ఉన్నవి, పెద్ద మోతాదు విటమిన్ ఇ, చేపనూనె అడగకుండా మొదలుపెట్టకూడదు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారికి అది వారానికి ఒక్కసారే. దానితో ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేయాలో డాక్టరు రాస్తారు, ఆ రోజులు తారుమారు చేయకండి. పసుపు సారం, గ్రీన్ టీ సారం బిళ్లల వల్ల కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కాగితాన్ని డాక్టరు బల్ల మీద పెట్టండి

ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. టెన్షన్ పడకండి, తిడతారేమో అని దాచకండి. కూర్చోగానే కాగితం ముందు పెట్టి ఇలా అడగండి: "డాక్టరు గారూ, మీరు రాసినవి కాక ఇవి కూడా వాడుతున్నాం. వీటిలో ఏవి ఆపమంటారు? ఉంచినవి ఎన్నాళ్లు వాడాలి?" మోతాదు 'రోజుకా, వారానికా' అని నోటితో అడిగి, చీటీ మీద తెలుగులో రాయించుకోండి. మందుల షాపులో కవరు మీద రాసింది చీటీతో సరిపోయిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మా మేనత్త ఇంట్లో ఈ ఒక్కటి జరిగి ఉంటే ఆ నలభై రోజులు ఉండేవి కావు.

ఆహారంతో సరిపెట్టుకోవచ్చా అని కూడా అడగండి. 100 గ్రాముల చోళ్లలో (రాగుల్లో) సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఉదయం చోడి అంబలి తాగే ఇంట్లో కాల్షియం బిళ్ల అవసరం తగ్గవచ్చు. ఫిషింగ్ హార్బర్‌లో దొరికే కానాగంతల్లో ఒమేగా త్రీ ఉంది. గర్భిణులకు ఇచ్చే ఎర్ర ఐరన్ బిళ్లలు మాత్రం ఆపకండి. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న ఆ బిళ్ల 180 రోజులు వాడాలి, ఆశా కార్యకర్త ఉచితంగా ఇస్తుంది. దాని వెనుక గట్టి పరిశోధన ఉంది.

మొదలుపెట్టే రోజే ఆపే రోజు రాయండి

డాక్టరు సరే అన్న సప్లిమెంట్ డబ్బా మీద స్కెచ్ పెన్‌తో మూడు రాయండి: మొదలైన తేదీ, మళ్లీ పరీక్ష చేయించే తేదీ, ఏం మారాలని వాడుతున్నామో. 'హిమోగ్లోబిన్ 8.5 నుంచి పెరగాలి, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కాలి' అని స్పష్టంగా ఉండాలి. ఒకేసారి మూడు కొత్తవి మొదలుపెట్టకండి. దద్దురు వచ్చినా, ఓపిక వచ్చినా దేనివల్లో తెలియదు. తేడా చేసిందని అనుమానం వస్తే డాక్టరుకు చెప్పండి. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024 కూడా ఉంది. రోగి ఇంట్లోవాళ్లు కూడా ఆ నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు.

ఎప్పుడైనా ఆసుపత్రిలో 'ఈ సప్లిమెంట్ మీద ట్రయల్ జరుగుతోంది, చేరతారా?' అని అడిగితే భయపడకండి, వెంటనే సంతకమూ పెట్టకండి. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తీసుకెళ్లి చదవండి. మీకు ఉత్తుత్తి బిళ్ల రావచ్చా, హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఏది, సీటీఆర్ఐ నంబరు ఎంత అని అడగండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకునే హక్కు మీకు ఉంది, అలా మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు. ఆ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ ప్రశ్నలు అడిగిన పేషెంట్లే చివరిదాకా క్రమం తప్పకుండా వచ్చేవారు.

మూడు నెలలు అయ్యాక పాత కాగితం, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టండి. అనుకున్న మార్పు వచ్చి లోటు తీరితే ఇంకా కొనసాగించాలా అని డాక్టరును అడగండి. మార్పు రాకపోతే లోటు ఎందుకు తీరలేదో అడగండి, ఎందుకంటే నీరసం వెనుక థైరాయిడో, లోపల రక్తస్రావమో, దిగులో ఉండవచ్చు. మా మేనత్త ఇప్పుడు వాడుతున్నది మూడు మందులే. ఆ మూడింటి పేర్లు, వేళలు ఫ్రిజ్ మీద అతికించిన కాగితంలో ఉన్నాయి. కింద కొత్తవి రాసుకోవడానికి మా బావ ఖాళీ వదిలాడు, పైన మాత్రం పెద్ద అక్షరాలతో 'రోజుకా? వారానికా? అడగాలి' అని రాసిపెట్టాడు.